ఖలీల్ పాటలో నా ఉరుము దెబ్బ

కళ్యాణదుర్గం బస్టాండు వెనక నాది సౌండు బాక్సులు అద్దెకిచ్చే కొట్టు. ఎదురు వరసలో ఖలీల్‌ది మొబైల్ రిపేరు అంగడి. పగలు ఫోన్లు విప్పుతాడు, ఖాళీ దొరికితే ల్యాప్‌టాప్‌లో పాటలు తయారు చేస్తాడు. వాటిలో గొంతు ఉండదు, మాటలు ఉండవు, అంతా మిషను మోతే. ఆ మోతకే ఇప్పుడు గార్లదిన్నె దాకా పెళ్లి మెరవణుల్లో జనం ఊగుతున్నారు. మోసుకెళ్లే బాక్సులు నావి, పేరు వాడిది.

అదైనా ఓర్చుకునేవాణ్ణి. కానీ వాడికి పేరు తెచ్చిన పాటలో నడుమ వచ్చే ఉరుముల దరువు, జాతరల్లో వాయించే ఉరుము వాద్యం దరువు, నాది. క్యాసెట్ల కాలంలో, ఇరవై రెండేళ్ల వయసులో, కీబోర్డు మీద ఆ దరువు పట్టి ఒక క్యాసెట్టు చేశాను. రికార్డింగులో చెయ్యి తడబడి ఒకచోట దెబ్బ తప్పింది. మళ్లీ వాయించడానికి కంపెనీవాళ్లు టైమివ్వలేదు, అట్లాగే బయటికొచ్చింది. ఖలీల్ ఆ క్యాసెట్టు ముక్కనే కోసి తన పాటలో అతికించాడు. సరిగ్గా ఆ తప్పు దగ్గరే వాడి పాట ఒక్క క్షణం ఆగి దూకుతుంది. కుర్రాళ్లు ఆ చోటు కోసమే కాచుకుని ఉంటారు. తప్పు నాది, ఈలలు వాడికి.

మా పనిలో ఎవరూ ఎవరినీ అడగరు. పెన్‌డ్రైవ్ చేతికొస్తే పాట చేతికొచ్చినట్టే. నేనూ వాణ్ణి అడగలేదు. బాక్సుల కోసం వచ్చిన ప్రతివాడికీ మాత్రం చెప్పేవాణ్ణి, అది నాదని.

మొన్న ఆదివారం పొద్దున ఖలీల్, వాడి పెళ్లాం నాజియా మా కొట్టుకు వచ్చారు.

"జయరామన్నా, బెంగళూరు కంపెనీ ఒకటి నా పాట తీసుకుంటామంటాండాది," అన్నాడు. "ఆ ఉరుము ఎవరు వాయించిందని అడిగినారు. నీదని చెప్పినా. నీ సంతకం కావాలంట. పాట కింద నీ పేరు కూడా ఏస్తారు."

"సంతకం పెట్టకుంటే?"

"పాట రాదు."

ఆ మాట లోపలికి చల్లగా దిగింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"కంపెనీతో నీకేం పనప్పా? నీ చానెల్లో నువ్వే పెట్టుకుంటాండావు, ఊరూరా మోగుతాండాది. వాళ్ల చేతికిస్తే ఇంగ నీది నీది కాదు."

"ఇప్పుడు మాత్రం యాడ నాదన్నా? రాయదుర్గంలో ఒకడు నా పాట మొదట్లో వాని పేరు చెప్పించి, తనదేనని తిప్పుతాండాడు. ఫోన్ చేస్తే, నువ్వెవరన్నాడు. కంపెనీ ఉంటే అడిగేకి ఒకరుంటారు."

"వాళ్లే మింగితే ఎవరు అడుగుతారు?"

"కాయితం నేను చదివినా అన్నా," అంది నాజియా. "ఎప్పటికీ వాళ్లదే అని రాసినారు. ఐదేండ్లకు మార్చమని మెయిల్ పెట్టినా. మార్చినారు."

ఒక్క మెయిల్‌కు మార్చారట.

ఆనాడు క్యాసెట్టు కంపెనీవాళ్లు నా ముందు పెట్టిన కాగితం ఇంగ్లీషులో ఉండింది. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, నాకు చదివి చెప్పేవాళ్లు లేరు. కొత్త కీబోర్డు అట్టపెట్టెలో ఎదురుగా ఉంది, సంతకం పెడితే అది నాది. పెట్టాను. తర్వాత అదే దరువుతో ఇంకో క్యాసెట్టు చేద్దామని పోతే, అప్పుడు చదివి వినిపించారు. దరువు ఎప్పటికీ వాళ్లదే.

ఇప్పుడు ఆ కంపెనీ లేదు. నేను మాట్లాడకుండా సంతకం పెడితే ఎవరికీ తెలియదు. నా పేరు పాట కింద ఉంటుంది. పేరు కావాలి నాకు. కానీ వాడి పేరు కింద వద్దు.

"అది నాది కాదప్పా," అన్నాను. "ఎప్పుడో రాసిచ్చేసినా. ఒక కీబోర్డుకు."

చెప్తుంటే చెవులు కాలాయి. అయినా వాడి ముఖం వాడిపోవడం చూస్తే పర్వాలేదనిపించింది.

"ఆ కంపెనీ యాడుండాదన్నా?"

"మూసేసి పదేండ్లు దాటె. ఇంగ ఎవరిని అడుగుతావు?"

ఖలీల్ ఒక బాక్సు మీద కూలబడ్డాడు. నాజియా వాడి భుజం తట్టింది.

"ఆ ఉరుము తీసేయకూడదా?"

"తీసేస్తే ఏముంటాది?"

"శెనక్కాయలు వలిచే మిషను సద్దు ఫోన్లో పట్టినావు కదా. అది పెట్టి చూడు."

నేను నవ్వాను. "మిషను సద్దుకు ఎవరు ఎగురుతారమ్మా?"

ఖలీల్ నవ్వలేదు. వేళ్లతో మోకాలి మీద ఏదో తట్టుకుంటున్నాడు. కాసేపటికి లేచి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నిజం చెప్పి కాపాడినావన్నా. సంతకం పెట్టింటే, రేపు ఆ హక్కు నాదని ఎవడన్నా వస్తే ఇద్దరం ఇరుక్కునేవాళ్లం."

కాపాడానట. వాళ్లు పోయాక కూడా ఆ మాట నన్ను తొలుస్తూనే ఉంది.

మరుసటి రోజు మధ్యాహ్నం వాట్సాప్‌లో కొత్త పాట పంపాడు. 'విని చెప్పన్నా, ఈ పొద్దే కంపెనీకి పంపాల.' షట్టరు సగం దించి పెద్ద బాక్సుల్లో పెట్టాను. మిషను గరగరా తిరిగింది, కాయలు పగిలాయి, పొట్టు ఎగిరింది, దాని కింద నుంచి దరువు లేచింది. జనం ఎక్కడ దూకుతారో ముందే తెలిసిపోయింది నాకు. మూడుసార్లు విన్నాను. నేను ఎక్కడా లేను. లేనన్న సంగతి ఎవరికీ తట్టదు కూడా.

'బాగుండాది' అని కొట్టి చెరిపేశాను.

'బేస్ ఎక్కువైంది' అని పంపాను.

వెంటనే జవాబు వచ్చింది. 'సరే అన్నా, తగ్గిస్తా. నీకున్న చెవి ఈడ ఎవరికుండాది.'

బేస్ ఎక్కువేమీ కాలేదు, తగ్గిస్తే పాట చప్పబడుతుంది. ఇంకో మాట పంపి వాణ్ణి ఆపొచ్చు. ఫోను బోర్లా పెట్టి, షట్టరు పూర్తిగా దించాను.