గాలికి నీడ

కుడి చెవిలో గాలి.

ఉప్పగా, తడిగా, ఆగకుండా.

చెంచయ్య సైకిలు కావలి వైపు పోతోంది. కుడి పక్క, పొలాల అవతల, సముద్రం. కార్తీకమాసపు గాలి అక్కడినుంచే వస్తోంది. అతను గాలి మీదికి వాలి తొక్కుతున్నాడు — తెప్ప మీద వాలినట్టే. ఇరవయ్యేళ్లు జువ్వలదిన్నె సముద్రం మీద అలాగే నిలబడ్డాడు. సైకిలు కొని ఆరు నెలలే.

వెనక క్యారియర్ మీద భార్య కామమ్మ. ఏడో నెల. బస్సెక్కితే వాంతి. కావలి ఆస్పత్రిలో చూపించుకోవాలి.

గాలి... గాలి.

గాలిని నమ్మవచ్చు అనుకునేవాడు. తోస్తే తోస్తూనే ఉంటుంది. వాలితే మోస్తుంది.

పోయిన వారం మోయలేదు.

చేపల గంపతో ఇదే రోడ్డు. వెనకనుంచి లారీ వచ్చింది. కుడి పక్కగా దాటుతూ గాలికి అడ్డం పడింది. ఒక్క క్షణం — గాలి లేదు. వాలిన మనిషి వాలినట్టే లారీ వైపు పడ్డాడు. వెనక చక్రం అతని తలకు జానెడు దూరంలో పోయింది. గంప మీదుగా పోయింది.

ఎండకే కాదు, గాలికీ నీడ ఉంటుంది.

ఎడ్లబండి తోలుకొస్తున్న హజరత్తయ్య దిగి లేవనెత్తాడు.

"సముద్రంలో లారీలు లేవు గదా చెంచయ్యా! హారను ఇనపడితే సైకిలు దిగు."

"గాలికి బయపడి తెప్ప దిగినోడు యాడన్నా ఉండాడా అన్నా?"

మోకాలు నెత్తురు కారుతున్నా నవ్వుతూనే అన్నాడు. ఆ మాట ఊరంతా తిరిగింది. కామమ్మ దాకా వచ్చింది.

గాలి... గాలి.

వెనక, దూరంగా, హారను.

కామమ్మ చెయ్యి అతని చొక్కా పట్టుకుంది.

ఒళ్లు వాలే ఉంది. ఆ ఒంటికి వాలడమే తెలుసు.

హారను దగ్గరైంది.

చెంచయ్య బ్రేకు పట్టాడు. ఎడమ కాలు మట్టిలో ఆనించాడు.

లారీ వచ్చింది. ముందు దాని గాలి తోసింది. కుడి చెవిలో ఒక్కసారిగా ఏమీ లేదు. ఎగురుతున్న కామమ్మ కొంగు చప్పబడి, లారీ వెంట ఒక్క గుంజు గుంజి, మళ్లీ ఎగిరింది.

"తెప్ప దిగినావే మావా!"

"గాలికి గాదులే."

"మరి దేనికో?"

ఆమె నవ్వుతోందని వీపుకు తెలిసింది.

కావలి ఇంకా మూడు మైళ్లు. పెడలు మీద కాలు పెట్టాడు. ఒళ్లు మళ్లీ తూర్పుకు వాలింది — అడగకుండానే.

ఎక్కడో వెనక ఇంకో హారను...

కుడి చెవిలో గాలి.