తడిసిన గోడబొమ్మలు

పాతపట్నం దాటి కొండెక్కితే వచ్చే జీడిగూడలో పొద్దున్నే లేచినవాళ్లు ముఖం కడుక్కోకముందే గోడ చూసుకుంటారు. ఎర్రమట్టి అలికిన గోడల మీద బియ్యప్పిండితో గీసిన బొమ్మలు; ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని. సంతకెళ్లినవాడి బొమ్మ గోడ చివరికి నడిచిపోతుంది, వాడు ఇల్లు చేరేసరికి వెనక్కొస్తుంది. జ్వరమొచ్చినవాళ్ల బొమ్మ పడుకుంటుంది. మెన్నొనైట్ క్రైస్తవ మిషన్ తరఫున మందుల పెట్టెతో ఇల్లిల్లూ తిరిగే అనిత కూడా థర్మామీటరు తీసే ముందు గోడ చూడటం అలవాటు చేసుకుంది.

ఆమె భర్త భాస్కర్ అక్కడ పాస్టరు. కోటబొమ్మాళి మనిషి. ఎవరి మీదా కత్తెత్తకూడదు, పగ పెట్టుకోకూడదు అని ఆయన చెప్పే మాట సవర గంగులు మనసుకి పట్టింది. జీడితోట గట్టు కోసం చిన్నాన్న కొడుకుతో గొడ్డళ్ల దాకా వచ్చిన తగువుని వదిలేసుకుని, వచ్చే ఆదివారం ఊరి పక్క కొండవాగులో, గెడ్డలో, మునిగి బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. అతని తల్లి లక్ష్మణమ్మ తను మాత్రం తీసుకోనంది. కొడుకుని వద్దనలేదు.

ఆ ఆదివారం పొద్దున్న లక్ష్మణమ్మకి బీపీ చూద్దామని అనిత వెళ్లింది. గడపలోనే ఆగిపోయింది. గోడంతా పొడిగా ఉంది, రెండు బొమ్మలు మాత్రం తడిసి ఉన్నాయి. ఒకటి గంగులుది. పుస్తకం పట్టుకున్న రెండోది భాస్కర్‌ది. తన ఇంట్లో అన్నం తిన్నవాళ్లనందరినీ లక్ష్మణమ్మ గోడకెక్కించేస్తుంది.

"నిద్దర లేసేసరికి తడి పాదాలకే ఉన్నాది. ఇప్పుడు మోకాళ్ల కాడికొచ్చీసినాది," అంది లక్ష్మణమ్మ, గోడ కింద పరిచిన గుడ్డని బయట పిండుతూ. "గెడ్డలోకి దిగొద్దని నువ్వైనా సెప్పు అమ్మీ. ఆడు నా మాట ఇనడు. మాటిచ్చీసినానంతాడు."

అనిత చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి చర్చి షెడ్డుకి పరిగెత్తింది. జనం అప్పటికే గెడ్డకి బయల్దేరడానికి లేచి నిలబడ్డారు. ఆకాశంలో మబ్బు లేదు. గంగులు తెల్ల బట్టలు కట్టుకుని, తల వంచుకుని ఉన్నాడు. ఆమె భర్తని పక్కకి పిలిచి, గోడ మీద తను చూసినదంతా చెప్పింది.

"గోడ సెప్పిందని ఆగిపోతే రేపట్నుంచి ఈళ్లు ఎవరి మాట ఇంటారు? నాదా, గోడదా?" అన్నాడు భాస్కర్.

"నాకదంతా తెలీదండీ. మీ బొమ్మ కూడా తడిసింది. నాకు భయమేస్తంది."

 భాస్కర్ ఒక్కడే లక్ష్మణమ్మ ఇంటికి నడిచాడు. భయపడకండని కిందటి వారమే అంతమందికీ బోధించినవాడు. గోడ చూసి ఒకడుగు వెనక్కి వేశాడు. నీళ్లు బొమ్మల మెడల దాకా వచ్చేశాయి. పిండి కరిగి, ఆయన చేతిలో పుస్తకం ఏదో, చెయ్యి ఏదో తెలియడం లేదు.

వెనకే వచ్చిన అనిత మెల్లగా అంది. "మన సంఘాల్లో నెత్తిమీద నీళ్లు పోసి ఇచ్చేవోళ్లు కూడా ఉన్నారు కదండీ. అది మాత్రం బాప్తిస్మం కాదేటి?"

భాస్కర్ గంగులుని పిలిపించాడు. అతనితో పాటు షెడ్డు దగ్గరి జనమూ వచ్చారు. "గెడ్డకొద్దు. ఇక్కడే ఇస్తాను. నీకిష్టమేనా?"

"నేనిచ్చిన మాట దేవుడికి గానీ గెడ్డకి కాదు బాబూ," అన్నాడు గంగులు. 

వాకిట్లో మోకాళ్ల మీద కూర్చున్నాడు. లక్ష్మణమ్మ కుండలోని తాగే నీళ్లు ముంతలో తెచ్చి అనితకిచ్చి, తను దూరంగా అరుగు మీద కూర్చుంది. భాస్కర్ ముంత అందుకుని, మూడు పేర్లకి మూడు ధారలుగా పొయ్యడానికి అతని తల మీదికి వంచాడు. "తండ్రి పేరున..." మొదటి ధార పడింది. "కుమారుని పేరున..."

అప్పుడు వినిపించింది. ముందు లారీ ఏదో వస్తున్నట్టు. ఆ కొండకి లారీ రాదు. తర్వాత నేల అదిరింది. ఎక్కడో ఒడిశా వైపు కురిసిన వాన ఎర్రటి నీరై, చెట్లనీ బండలనీ దొర్లించుకుంటూ, వాకిలి దిగువన కనిపించే గెడ్డలోకి దూకింది. వాళ్లు దిగి నిలబడవలసిన మడుగు కళ్లముందే మాయమైంది. గట్టు మీది మద్దిచెట్టు వేళ్లతో లేచి, నిలువునా కొట్టుకుపోయింది.

 అనిత భర్త చొక్కా చివర పట్టుకుంది, వదల్లేదు. భాస్కర్ గెడ్డ వైపే చూస్తున్నాడు. ముంతలో నీళ్లు ఆయన వేళ్ల మీద ఒలికిపోతున్నాయి. గంగులు కళ్లు తెరవకుండా అలాగే తల వంచి ఉన్నాడు. చెవుల వెనకనుంచి నీళ్లు కారుతున్నాయి.

లక్ష్మణమ్మ అరుగు దిగి వచ్చింది. ముంత పట్టుకున్న పాస్టరు చేతిని కింద నుంచి తన చేత్తో పట్టి నిలిపింది.

"మూడో పేరు మిగిలిపోనాది బాబూ," అంది. "సెప్పు. నేను పట్టుకున్నాను."