మూడు డిస్కుల నిద్ర

కరెంటు పోయేసరికి కాపీ ఇంకా మూడోవంతు మిగిలే ఉంది. బల్ల పక్కన కుర్చీ అంచున డాన్సు టీచరు కూర్చుని ఉంది. సాయంత్రం ప్రదర్శనలో పిల్లల వెనక తెరమీద ఆడాల్సిన వీడియో, ఆవిడ తెచ్చిన డిస్కులోకి ఎక్కుతోంది. అది అందకపోతే పిల్లలు ఖాళీ తెర ముందు ఆడాలి.

బల్ల కింద యూపీఎస్ కుయ్‌మంది.

"ఇంతేనా, మునిగిపోయామా?" అంది టీచరు.

"ఏం మునగలేదు, కూర్చోండి. కాపీ అయ్యేదాకా బ్యాటరీ లాగుతుంది" అంది ఆ ఇంటి కోడలు.

ఆ ధీమా ఊరికే వచ్చింది కాదు. ఆమె వీడియో ఎడిటింగు చేసే కంప్యూటర్ పెట్టెలో నాలుగు హార్డ్ డిస్కులున్నాయి. వదిలేస్తే పనున్నా లేకున్నా లోపల పళ్ళేలు గిర్రున తిరుగుతూ కరెంటు తాగుతూనే ఉంటాయి. అందుకే, కాసేపు ఎవరూ పలకరించకపోతే ఆగిపొమ్మని ముందే చెప్పిపెట్టింది. ఇప్పుడు తిరుగుతున్నది ఒక్కటే. తక్కిన మూడూ హాయిగా పడుకున్నాయి.

చప్పుడుకి భర్త వచ్చాడు. "మూడు డిస్కుల దీపాలు ఆరాయేంటి? పోయాయా?"

"పడుకున్నాయి."

"ఈ ఇంట్లో నాకు లేని నిద్ర వాటికా! ఉండు, ఉన్నాయో లేవో చూద్దాం."

వద్దనేలోపే మౌస్ అందుకుని మానిటర్ మీద డిస్కులన్నీ కనిపించే కిటికీ తెరిచాడు. రోజుకి పదిసార్లు అలా తెరిచి చూసుకుంటే గానీ అతనికి తోచదు. తెరిస్తే చాలు, అన్నీ ఉలిక్కిపడి లేస్తాయి. మూడు మోటార్లూ ఒక్కసారే రయ్యిమన్నాయి. తిరిగే డిస్కు కంటే ఆగి లేచే డిస్కుకే ఎక్కువ కరెంటు కావాలి. యూపీఎస్ గుక్కపట్టి ఏడ్చింది. టీచరు లేచి నిలబడింది.

"నిద్రపోయే పిల్లని తట్టి లేపి, పడుకున్నావా అమ్మా అని అడిగే రకంరా నువ్వు!" అన్నారు గుమ్మంలోంచి అత్తగారు. "చిన్నప్పుడు నీ చెల్లెల్నీ ఇలాగే ఏడిపించావు. చెయ్యి తియ్యి!"

కోడలు మౌస్ లాక్కుని మూడింటినీ మళ్ళీ పడుకోబెట్టింది. ఏడుపు ఆగింది గానీ, బ్యాటరీ గీత సగానికి పైగా దిగిపోయింది. ఇలాగైతే చాలదు. ఆమె చెయ్యి చాచి మానిటర్ కూడా ఆపేసింది.

"అయ్యో, కనిపించకుండా ఎలాగమ్మా?" అంది టీచరు.

"చూడ్డానికేముందండీ! మీ డిస్కు దీపం మిణుకుతోంది కదా. అది మిణకడం ఆపితే అయిపోయినట్టు."

నలుగురూ ఆ చిన్న దీపం వైపే చూస్తూ ఉండిపోయారు. భర్త రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. మిణుకు మిణుకు. మిణుకు. నిలిచింది.

ఆమె మానిటర్ వెలిగించి, పద్ధతి ప్రకారం డిస్కుని విడదీసి, టీచరు చేతిలో పెట్టింది. ఆ వెంటనే పెట్టెని కూడా ఆపేసింది. యూపీఎస్‌కి ఇంకా కాస్త ఊపిరి మిగిలింది.

"బతికించావు తల్లీ!" అంటూ టీచరు మెట్లు దిగింది.

భర్త మెల్లగా అడిగాడు. "ఇప్పుడు చూడొచ్చా, ఉన్నాయో లేవో?"

"కరెంటు రానీ. ఒక్కసారే సుమా."