ఎద్దులు వెనక్కి నడిచిన రోజు

ఆ పొద్దున ఆకాశం రెండు దిక్కులా వెలుగుతున్నది. చేవెళ్ల వైపు పున్నమి చంద్రుడు ఇంకా దిగలేదు. మొయినాబాద్ వైపు అప్పుడే ఎరుపు పుట్టింది. ఇదంతా మా మేనత్త బీరమ్మ చెప్పగా తర్వాత తెలిసింది. నేను ఆ వేళ నేల చూపులు చూస్తూ ఎద్దులను బావికి తోలుతున్నాను.

అది నిజాం లెక్కలో ఫసలీ 1349, అంటే 1940, మాఘ మాసం. నా తమ్ముడు స్వామిదాసు చలిజ్వరంతో పోయి నాలుగు నెలలయింది. ఉన్నన్నాళ్లూ ఎద్దులతో బావి నీళ్లు తోడే మోట తోలింది వాడే. నేను మడులకు నీళ్లు తిప్పేవాణ్ణి.

మోటలో ఒక సంగతి ఉన్నది. ఎద్దులు మోకుతాడు లాగుతూ పల్లానికి దిగితే నీళ్ల తోలుసంచి పైకి వస్తుంది. అది కష్టం కాదు. మళ్లీ సంచి దిగాలంటే అవి బావి అంచు గడ్డ దాకా వెనక్కి నడవాలి. వెనక ఏమున్నదో వాటికి కనబడదు. ఉన్నది బావి. తోలేవాడి పాట విని, నమ్మి అడుగు వేస్తాయి. స్వామిదాసు పాడేవాడు. నాకు పాట రాదు. మాటే అంతంత మాత్రం.

వాడు పోయాక మొదటిసారి, ఈ ఉల్లికి మోట కట్టాను. మూడు రోజులుగా ఎద్దులు పల్లానికి దిగేవి, అక్కడే నిలబడేవి. అదిలించాను. ముల్లుకర్రతో పొడిచాను. మడిలో ఉల్లినారు తలలు వాల్చింది. ఇవాళ కూడా నడవకపోతే రేపు చేవెళ్ల అంగడిలో జోడీని అమ్మేస్తానని ఇంట్లో చెప్పాను. తమ్ముడి భార్య శాంతమ్మ విని లేచి వెళ్లింది. పొయ్యి వెనక గోడకు తిరిగి కూర్చున్నది. వాడు పోయిన నాటి నుంచి ఆమె తిండి అక్కడే, ఒక్కతే.

నీళ్లు తిప్పడానికి వచ్చిన అత్త, ఆ పొద్దున కూడా పల్లంలో మొండికేసిన ఎర్ర ఎద్దు, మా ఎర్రోడి తొడ మీది నెత్తురు మరక చూసింది.

"పొడిస్తె నడుస్తదారా? నిన్ను పొడుస్త, నడువు వెనుకకు, బావి దిక్కు. చూద్దాం."

"నాకు పాట రాదత్తా."

"పాటెవడడిగిండు? కండ్లు మూసుకో."

"ఎద్దులు నడుస్తలేవంటె నాకు ప్రార్థన పెడుతున్నవా?"

"మూసుకోరా మొద్దు! నీ మామ సచ్చిన యేడాది నేను గిట్లనే బతికిన."

మూసుకున్నాను. ఎర్రోడి మూపురం మీద నా చెయ్యి పెట్టించింది.

"ముక్కుల గాలి వస్తున్నది, పోతున్నది. దాన్ని ఆపకు, ఉరికియ్యకు. ఊకె చూడు. చేతికి ఏం తెలుస్తున్నది?"

"వెచ్చగున్నది."

"ఇంకా?"

"వణుకుతున్నడు."

"నీకు భయపడుతున్నడు. ఉండనియ్యి. చెవికేం వినవడ్తున్నది?"

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత బావి గోడల్లో పావురాలు కువకువలాడాయి. గిలక నుంచి ఆముదం వాసన వచ్చింది. అడుగున ఎక్కడో ఊట నీరు రాతి మీద పడుతున్నది, ఒక్కొక్క చుక్క. ఇరవై ఏండ్లు ఆ బావి నీళ్లు తాగాను. ఆ చుక్క నాకు ఎన్నడూ వినబడలేదు.

"వాటిల నీకు ఏది ముద్దుగున్నదో ఒక్కటి పట్టుకో. దాని మీద గాలి విడువు."

ఆ చుక్కను పట్టుకున్నాను. గాలి విడుస్తుంటే గొంతులో నుంచి సన్నగా ఒక రాగం వచ్చింది. తమ్ముడి పాట కాదు, పాటే కాదు. నా చేతి కింద మూపురం వణకడం మానింది. మెల్లగా వెనక్కి జరిగింది.

కండ్లు తెరిచాను. ఎర్రోడు ఒక అడుగు, నల్లోడు ఒక అడుగు. నా ఊపిరి ఆగితే ఆగాయి, సాగితే సాగాయి.  అంతంత పెద్ద జీవాలు, కనబడని బావి వైపు, నా గాలిని పట్టుకొని నడిచాయి. గడ్డ దాకా వచ్చాయి.

సంచి మునిగింది, ఎద్దులు పల్లానికి దిగాయి, మొదటి సంచి తొట్టిలో తిరగబడింది. నీళ్లలో ఎరుపు, తెలుపు రెండు వెలుగులూ పగిలాయి.

మడుల నుంచి అత్త కేకేసింది: "ఇప్పుడు ముద్దుగున్నదేం దొరికిందిరా?"

"గట్టు మీద సొరపువ్వు!"

రెండో సంచికి: "మల్ల?"

"మోకు మీద సాలెపురుగు దారం. మంచు పట్టి మెరుస్తున్నది!"

"అబ్బో! మూగోనికి నోరొచ్చింది!"

సంచి సంచికీ అడిగింది. సంచి సంచికీ ఒకటి దొరికింది. ఎండెక్కేసరికి చెప్పడం నా వల్ల కాలేదు. నల్లోడి చెవి వెనక నరం, తడిమట్టి వాసన, నా కాలి కింద గులకరాయి చల్లదనం. ఇన్ని ఎక్కడున్నాయి ఇన్నాళ్లు? స్వామిదాసు రోజూ వీటి నడుమే పాడాడా?

పొద్దు నడినెత్తికి వచ్చేటప్పటికి నారు తలలెత్తింది. గట్టు మీద శాంతమ్మ నిలబడి ఉన్నది. గిలక చప్పుడు ఇంటి దాకా వినబడిందట. గంప నెత్తి మీదే ఉన్నది. ఎద్దులు వెనక్కి నడవడం చూస్తున్నది.

"అంగడికి పోతలేను," అన్నాను.

గంప దించింది. జొన్న రొట్టెలు, ఎల్లిపాయ కారం, ఉల్లిగడ్డ. ముందు ఎర్రోడి దగ్గరికి వెళ్లి పుండు మీద పసుపు అద్దింది. తర్వాత వచ్చి మా ఎదుట కూర్చున్నది. తిండికి ముందు ఊరంతా వినబడేలా ప్రార్థన చేసే అత్త ఆనాడు పెదవి కదపలేదు. బావిలో చుక్క పడుతున్నది. శాంతమ్మ రెండో రొట్టె తనే తుంచుకున్నది. ముగ్గురం ఆ చుక్క వింటూ తిన్నాం.