రాని రెండు బైట్లు

చిట్టికి బావ మీద అనుమానం కొత్తగా పుట్టింది కాదు. నాలుగేళ్ళ కింద ఉద్యోగం ఊడిన సంగతి ఇంట్లో చెప్పకుండా ఆ మహానుభావుడు రెండు నెలలపాటు రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరేవాడు. రైల్వే స్టేషన్ బెంచీ మీద పగలంతా గడిపి, సాయంత్రం అయిదున్నరకి అలిసిపోయిన ముఖం పెట్టుకుని ఇంటికొచ్చేవాడు. పట్టుకున్నది చిట్టే. అక్క ఏడ్చింది, తిట్టింది, నెల తిరక్కుండా మర్చిపోయింది. చిట్టి మర్చిపోలేదు.

అయినా అక్క పోరు పడలేక, తను ఇంజినీరుగా పనిచేసే మందుల గోదాములోనే ఆయన్ని కోల్డ్‌రూమ్ ఇన్‌ఛార్జిగా పెట్టించింది. "మా బావ సార్. పూచీ నాది," అని మేనేజరుకి మాటిచ్చింది. ఆ పూచీ ఇవాళ పదకొండు గంటలకి మేనేజరు బల్ల మీద కాగితాల కట్ట రూపంలో ప్రత్యక్షమైంది.

"చూడమ్మా," అన్నాడు మేనేజరు. గొంతు తగ్గించి మాట్లాడాడంటే ఎవరికో మూడిందని గోదాములో అందరికీ తెలుసు. "నెలకోసారి చూసే లెక్కే ఇది. తలుపు ఎప్పుడు తెరిచారో ఎప్పుడు మూశారో కనిపెట్టడానికి నువ్వు పెట్టిన పెట్టె చెప్పిందే. మూడు వారాలుగా రోజూ తొమ్మిదింటికి తలుపు తెరుచుకుంటోంది. సాయంత్రం ఏడింటికి మనం ఆఫీసు కరెంటు మెయిన్ కట్టేసేదాకా తెరిచే ఉంటోంది."

చిట్టి కాగితాలు తిప్పింది. కోల్డ్‌రూమ్ తలుపు పది నిమిషాలకి మించి తెరిచి ఉంటే లోపలి మందులన్నీ పారబోయాలని రూలు. ఇక్కడ పది నిమిషాలు కాదు, పది గంటలు.

"మరి చల్లదనం తగ్గలేదే సార్? నాలుగు డిగ్రీల దగ్గరే ఉంది."

"అదే కదా! చల్లదనం కొలిచే సెన్సరు పక్కన ఐస్‌ప్యాక్ పెట్టి ఉంటాడు. ఇంకో సంగతి. గురువారం ఆయనకి సెలవు, ఆ రోజు ఆ గదిలోంచి సరుకు తీయం. గురువారాలు చూడు."

చూసింది. మూడు గురువారాలూ తలుపు బుద్ధిగా మూసే ఉంది.

"మూడు వారాల కిందే జీతం పెంచమని అడిగాడు. కుదరదన్నాను," అన్నాడు మేనేజరు. "కడుపులో పెట్టుకుని ఇలా తీర్చుకుంటున్నాడు. నాలుగింటికి మీటింగు పెట్టాను. తాళాలు తీసుకుని పంపించేస్తాను. నీ పెట్టె సరిగ్గానే చెబుతోందని కింద ఒక సంతకం పెట్టు చాలు."

చిట్టికి అక్క ముఖం కళ్ళముందు మెదిలింది. ఆ వెనకే స్టేషన్ బెంచీ మీద ఒళ్ళో క్యారేజీతో బావ కూడా మెదిలాడు. ఒళ్ళు మండింది. సంతకం పెట్టేసింది.

అక్కణ్ణుంచి తిన్నగా కోల్డ్‌రూమ్‌కి నడిచింది. బావ దళసరి కోటు వేసుకుని అట్టపెట్టెల మీద తారీఖులు చదువుతున్నాడు.

"తలుపు ఎందుకు తెరిచి పెడుతున్నారు బావా?"

"తెరిచి పెట్టడమేంటి? మూస్తూనే ఉన్నాను."

"మూడు వారాల నుంచి?"

"ఎప్పటినుంచైనా."

అంతే. చేయనివాడైతే గొడవ చేయడూ? అరవడూ? ఈయన మళ్ళీ తారీఖుల్లో పడ్డాడు. తప్పు చేసినవాడే ఇంత నిమ్మళంగా ఉంటాడని చిట్టి ఖాయం చేసుకుంది. సెన్సరు ఉన్న మూలకి వెళ్ళి అరల వెనక చెయ్యి పెట్టి తడమడం మొదలుపెట్టింది. వేళ్ళు కొయ్యబారాయి.

"ఏం వెతుకుతున్నావు?"

"ఏం లేదు."

"అక్కడ చీకటి. ఉండు," అని బావ జేబులోంచి టార్చి తీసి, ఆమె చెయ్యి ఎటు పోతే అటు వెలుగు పట్టాడు. కింది అర, పై అర, గోడకీ అరకీ మధ్య సందు. ఐస్‌ప్యాక్ కాదు కదా, చిత్తుకాగితం కూడా దొరకలేదు. దాంతో చిట్టికి అనుమానం తగ్గాల్సింది పోయి రెట్టింపైంది. నేను వస్తానని తెలిసి ముందే తీసేశాడు, అనుకుంది. అనుమానం తలకెక్కితే ఇంజినీరు బుర్రయినా అంతే పనిచేస్తుంది.

సరే, కళ్ళారా పట్టుకుందాం అని తన సీటుకొచ్చింది. అద్దంలోంచి కోల్డ్‌రూమ్ తలుపు ఎదురుగా కనిపిస్తుంది. తలుపు దగ్గరి పెట్టె నిమిషానికోసారి, తలుపు కదిలితే వెంటనే ఒక సందేశం పంపుతుంది. అది మాటల్లో ఉండదు, ఉత్త అంకెల వరస. ఆఫీసులోని చిన్న కంప్యూటరు బోర్డు మీద చిట్టి సీ భాషలో రాసిన ప్రోగ్రాము ఆ అంకెలు విప్పి టైము ఒక గడిలో, చల్లదనం ఒక గడిలో, తలుపు సంగతి ఒక గడిలో వేస్తుంది. మేనేజరు చదివిన కాగితాలు ఆ గడుల్లోంచి వచ్చినవే. ఇవాళ చిట్టి గడుల్ని పక్కనపెట్టి పచ్చి అంకెలే తెర మీద పారించుకుంది.

ఆ ఏర్పాటు పూర్తయ్యేసరికి మూడింపావైంది. అప్పుడే బావ తలుపు తెరిచాడు. పది బైట్లు, అంటే పది అంకెలు, వచ్చాయి. ఆరు టైముకి, రెండు చల్లదనానికి, చివరి రెండు తలుపుకి. ఒకటి అంటే తెరిచి ఉందని. సరిపోయింది. బావ రెండు అట్టపెట్టెలు బయటికి తెచ్చి, భుజంతో తలుపు నెట్టి, పిడి కిందికి నొక్కి, మూసుకుందో లేదోనని ఒకసారి లాగి కూడా చూశాడు.

ఎనిమిది బైట్లే వచ్చాయి.

తలుపు బైట్లు రెండూ లేవు. గడులు చూపించే పక్క తెర మీద మాత్రం 'తెరిచి ఉంది' అని అలాగే ఉంది. దొరికాడు! పెట్టె విప్పి ఏదో కెలికాడన్నమాట. చిట్టి దాదాపు పరుగెత్తుతూ వెళ్ళి పెట్టె చూసింది. మూత మీద తను అంటించి సంతకం చేసిన సీలు చెక్కుచెదరలేదు. బావ పక్కనుంచే అట్టపెట్టెలు మోసుకుంటూ పోయాడు.

కాళ్ళీడ్చుకుంటూ వచ్చి కూలబడింది. ఎనిమిది బైట్లు. ఎనిమిదే ఎందుకు? అప్పుడు వెలిగింది.

పెట్టె బ్యాటరీ మీద నడుస్తుంది. అందుకని దానికి పొదుపు నేర్పింది తనే. విలువ సున్నా అయితే ఆ సంగతి అసలు పంపకు, రాలేదంటే సున్నా అని ఇక్కడ మేమే అనుకుంటాం అని. తలుపు మూసి ఉంటే సున్నా. అంటే ఆ పెట్టె మూడు వారాలుగా 'మూశాడు, మూశాడు' అని నోరు విప్పకుండానే చెబుతోంది. అది అర్థం కావాలంటే కొత్త సందేశం విప్పేముందు బోర్డు తన గడులన్నీ తుడుచుకోవాలి. లేకపోతే పాత ఒకటి ఆ గడిలోనే తిష్ఠ వేసుకుని కూర్చుంటుంది, సాయంత్రం మెయిన్ కట్టేసేదాకా. మర్నాడు గడులు ఖాళీగా మొదలవుతాయి కాబట్టి, తలుపు తెరవని గురువారం గడిలో ఒకటి పడనే పడదు.

చిట్టి ప్రోగ్రాము తెరిచింది. తుడిచే లైను ఉండాల్సిన చోట లేదు. ఎవరు తీశారా అని మార్పుల చిట్టా చూసింది. తన పేరే. మూడు వారాల కింద, బుధవారం. బోర్డుకి పని ఎక్కువై సందేశాలు జారిపోతున్నాయని తెలివి ఉపయోగించిన రోజు. పక్కన తన రాతే ఉంది: 'ఎలాగూ కొత్తవి వచ్చి కూర్చుంటాయి, తుడవడం దండగ.'

లైను మళ్ళీ పెట్టి బోర్డులోకి ఎక్కించి, బావ ఇంకోసారి తెరిచి మూసేదాకా ఊపిరి బిగబట్టుకుని చూసింది. 'మూసి ఉంది' అని పడింది. టైము నాలుగుకి పది నిమిషాలు తక్కువ.

ఆ పది నిమిషాల్లో చిట్టి బుర్రలో దొంగ ఆలోచనలు చాలానే తిరిగాయని దాచడమెందుకు? తలుపు సెన్సరు వైరు వదులైందంటే సరి. బావ బతికిపోతాడు, తన పేరూ నిలుస్తుంది. ఎవరు చూడొచ్చారు? ఇంత పెద్ద గోదాములో ఆ అంకెలు చదివే మనిషి తనొక్కతే.

మీటింగుకి వెళ్ళేసరికి బావ తాళాల గుత్తి అప్పటికే బల్ల మీద పెట్టేసి ఉన్నాడు. ఆ గుత్తి చూడగానే వైరు కథ ఆమె గొంతులోనే ఆగిపోయింది.

"సార్, తలుపు ఆయన మూస్తూనే ఉన్నారు. మూయలేదని చెప్పింది నా ప్రోగ్రాము. తప్పు నాది."

మేనేజరు కాగితాల కేసి, ఆమె కేసి మార్చి మార్చి చూశాడు. "మరి కింద ఈ సంతకం?"

"అదీ నాదే సార్."

పచ్చి అంకెలన్నీ ఆ బోర్డులోనే భద్రంగా ఉన్నాయి. మూడు వారాలవీ మళ్ళీ విప్పి చూస్తే తలుపు ఏ రోజూ నాలుగు నిమిషాలకి మించి తెరిచి లేదు. మేనేజరు ఈసారి గొంతు పెంచి తిట్టాడు. అంటే ఉద్యోగం పోదన్నమాట. తాళాల గుత్తి బావ వైపు జరిపి, "ఏమయ్యా, నువ్వైనా ఒక్క మాట అనొచ్చు కదా," అన్నాడు. బావ గుత్తి తీసుకుని వెళ్ళిపోయాడు.

చిట్టి కోల్డ్‌రూమ్ దగ్గర ఆయన్ని అందుకుంది. ముఖం చెల్లక తాళాల కేసి చూస్తూ నిలబడింది.

"గట్టిగా చెప్పొచ్చు కదా బావా! అరవొచ్చు కదా!"

"స్టేషన్ బెంచీ మీద కూర్చున్నవాడు ఎంత గట్టిగా చెబితే నువ్వు వింటావు చిట్టీ?"

కోపంగా అనలేదు. నిజంగానే కనుక్కుంటున్నట్టు అడిగాడు. చిట్టికి ఏడుపు తన్నుకొచ్చింది.

బావ తలుపు తెరిచాడు. చల్లగాలి మీదకొచ్చింది. మూశాడు, పిడి నొక్కాడు, లాగి చూపించాడు.

"చూశావా?"

"చూశాను."

మళ్ళీ తెరిచి మళ్ళీ మూశాడు. "ఇప్పుడు?"

"చూశాను బావా."

మూడోసారి ఆయన పిడి మీద చెయ్యి వేస్తే చిట్టి వద్దనలేదు. కళ్ళు తుడుచుకుని, మూసేదాకా నిలబడి చూసింది.