పద్నాలుగో నంబరు మైక్రోస్కోపు

నేను ఒక పాత మైక్రోస్కోపును. నల్ల రంగు పెచ్చులూడి, నడుము దగ్గర ఇత్తడి బయటపడింది. అంబాలాలో ఓ చిన్న కార్ఖానాలో నన్ను బిగించారు. గడ్డి నింపిన చెక్కపెట్టెలో రైలెక్కి, ఒక పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయంలోని వృక్షశాస్త్ర విభాగానికి చేరాను. అక్కడ నా వీపు మీద 14 అని రాశారు. ఏమీ అనిపించలేదు. నాకు ఏదీ అంతగా అనిపించదు. వెలుగు వస్తుంది, పోతుంది, అంతే.

ల్యాబులో మేము తక్కువ, విద్యార్థులు ఎక్కువ. అందుకని ఇద్దరికి ఒకటి చొప్పున ఇచ్చేవారు. రోల్ నంబరులో ముందున్నవారు రిజిస్టర్లో సంతకం చేసి నన్ను తీసుకోవాలి. ఆ ఏడాది ఎమ్మెస్సీలో నాకు దొరికిన జంట దివాకరం, కాత్యాయని. సంతకం రోజూ దివాకరానిదే.

అతనికి ఒక చిక్కుండేది. నాలోకి చూస్తే తన కనురెప్పల వెంట్రుకలే కనిపించేవి, ఆ తర్వాత తల తిరిగేది. బొమ్మ మాత్రం అతను గీస్తే కాగితం తడిసిందేమోనని ముట్టుకుని చూసేవారు. అందుకని కాత్యాయని చూసి చెప్పేది, అతను గీసేవాడు.

"పచ్చ రిబ్బను మెలితిరిగినట్టుందండీ. కాదు కాదు, రెండు రిబ్బన్లు, జడల్లినట్టు" అనేది. నవ్వితే ఆమె ఊపిరి నా కటకం మీద ఆవిరయ్యేది. చీర చెంగుతో తుడిచి మళ్లీ చూసేది. ఒక మధ్యాహ్నం పంటకాలువ నాచులో అంతవరకూ ఎవరూ రాయని రకం ఒకటి ఆమెకు కనిపించింది. అతను గీశాడు. ఆ బొమ్మ అతని ఒక్కడి పేరుతో అచ్చయింది. మనుషుల లోకంలో చూసినదానికంటే గీసినదానికే ఆయుష్షు ఎక్కువ కాబోలు.

దివాకరం ఢిల్లీ వెళ్లి పెద్ద శాస్త్రవేత్త అయ్యారు. కాత్యాయని ఇదే విభాగంలో ముప్ఫై రెండేళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను బీరువాలోకి వెళ్లాను.

మొన్న వజ్రోత్సవాలకు, పేరుపొందిన పూర్వ విద్యార్థులూ ఆచార్యులూ వాడిన వస్తువులతో ఒక గది సర్దారు. ఆ జాబితాలో దివాకరం గారున్నారు, కాత్యాయని గారు లేరు. హెడ్డు సుబ్బరాయుడు పాత రిజిస్టరు తిరగేసి నన్ను బయటికి తీయించారు. 'శ్రీ దివాకరం కొత్త నాచును కనుగొన్న మైక్రోస్కోపు' అని ఇత్తడి ఫలకం చెక్కించారు. అది బిగించేముందు తనకు పాఠాలు చెప్పిన కాత్యాయని మేడమ్‌ను పిలిచి చూపించారు.

ఆవిడ రెండుసార్లు చదివారు.

"చూసింది నేను సుబ్బరాయుడూ. ఆయన గీశారు. ఇద్దరి పేర్లూ వేస్తే బాగుంటుంది."

"రిజిస్టర్లో సంతకం ఆయనదొక్కటే ఉంది కదా మేడమ్" అని ఆయన నసిగారు.

"ఆయన వస్తున్నారుగా. ఆయన్నే అడగండి. ఆయన ఏమంటే అదే వేయండి."

ఆవిడ జీవితంలో ఈ విభాగాన్ని అడిగింది అదొక్కటే.

ప్రారంభోత్సవం రోజు దివాకరం గారు శాలువాతో వచ్చారు. ఫోటోల కోసం నా మీదికి వంగి కన్ను పెట్టారు. నాలో స్లయిడు లేదు. సుబ్బరాయుడు అందరి ముందూ అడగాల్సింది అడిగారు. దివాకరం గారు కాత్యాయని గారి వైపు ఒక్క క్షణం చూసి, కెమెరాల వైపు తిరిగారు.

"దీన్లోనే. ఎన్ని వందల గంటలు చూశానో" అన్నారు.

చప్పట్లు ఆగాక కాత్యాయని గారు మెల్లగా అడిగారు.

"ఏ కన్నుతో చూసేవారండీ?"

"కుడి కన్నుతో. ఎడమ కన్ను గట్టిగా మూసుకుని."

ఎడమ కన్ను కటకం మీద, కుడి కన్ను కాగితం మీద, రెండూ తెరిచే ఉంచాలి. అది ఈ ల్యాబులో మొదటి రోజు పాఠం. ఆ గదిలో సగం మందికి దాన్ని చెప్పింది ఆవిడే. సుబ్బరాయుడికి కూడా. సమోసాలు వచ్చాయని ఎవరో పిలిచారు.

ఆవిడ టీ తాగుతూ హెడ్డును అడిగారు.

"ఇప్పుడు పిల్లలకు ఒక్కొక్కరికీ ఒకటి ఇస్తున్నారా?"

"ఇస్తున్నాం మేడమ్."

"మంచిది."

ఇప్పుడు నేను అద్దాల పెట్టెలో ఉన్నాను. ఫలకం మార్చలేదు. సుబ్బరాయుడు అతిథులను వెంటబెట్టుకొచ్చి ప్రతి వస్తువు దగ్గరా ఫలకం చదివి వినిపిస్తారు. నా దగ్గరికి రాగానే మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇది మీరే చదువుకోండి" అంటారు.