బంగారమ్మ గోడ మీద కాగితం

డెబ్భై నాలుగులో రాయగడ స్టేషన్ రోడ్డున, బంగారమ్మ ఇడ్లీ కొట్టు పక్కనే ఒక బట్టల షావుకారు మేడ మొదలుపెట్టాడు. పునాది తవ్వే పని నాది. ఒకప్పుడు గెడ్డ పారేది, ఆ వాగు పూడిన చోటది. రెండడుగులు దిగితే బంకమట్టి, ఇడ్లీ పిండిలా మెత్తన. బంగారమ్మ గోడ దాని మీదే నిలబడి ఉంది.

అలాంటి చోట పొడుగునా ఒకేసారి తవ్వకూడదు. పక్క గోడ కింది మట్టి మన గోతిలోకి జారిపోతుంది. నాలుగడుగులు తవ్వాలి, నాలుగడుగులు వదలాలి. తవ్విన చోట రాయి కట్టి, అది గట్టిపడ్డాకే వదిలిన చోట గునపం వెయ్యాలి.

"ఏటి మేస్త్రీ, నా గోడ ఉంటాదా?" అంది బంగారమ్మ.

"ఉంటాది."

"అంతేనేటి? ఈ కొట్టు పోతే నాకు బతుకు లేదు. తెలుసా?"

"తెలుసు."

గోడకి వీధి వైపు కొసన పాత పగులు ఒకటుంది. ఇంజనీరు సోమేశ్వరరావు గారు దాని మీద అడ్డంగా కాగితాలు అతికించమన్నారు. గోడ కదిలితే కాగితం చిరుగుతుంది, వెంటనే పని ఆపెయ్యొచ్చు. బంగారమ్మ మైదా ఉడకబెట్టి ఇచ్చింది. మూడు కాగితాలు అతికించాను.

నాలుగో రోజు పొద్దున్నే కేక.

"ఓలమ్మో! సిరిగిపోనాయిరో! నా కొట్టు పోనాదిరో!"

మూడూ చిరిగి ఉన్నాయి. ఇంజనీరు గారి ముఖం పాలిపోయింది. "గోతులు పూడ్చెయ్, పోతురాజూ!" అన్నారు నాతో.

నేను ముందు గుండుదారం వేలాడదీసి చూశాను. గోడ వెంట్రుకవాసి వాలలేదు. వంగి చూస్తే కాగితం అంచులు తడిగా ఉన్నాయి.

ఇంతలో కొట్టు వెనకనుంచి బంగారమ్మ మేక వచ్చింది. గడ్డానికి కాగితం ముక్క.

"మైదా," అన్నాను.

స్టేషన్ దగ్గర సినిమా పోస్టర్లన్నీ మైదా కోసం రోజూ నమిలేది ఆ మేకే. మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఇంజనీరు గారు మట్టికుప్ప మీద కూలబడి నవ్వారు.

"పిండీ నాదే, మేకా నాదే, ఏడుపూ నాదే!" అని బంగారమ్మ మేకని తరిమింది.

కాగితాల చోట సున్నం పట్టీలు వేశాను. ఆఖరి గొయ్యిలో రాయి కట్టేదాకా ఒక్క పట్టీ కూడా విచ్చలేదు.

ఆ రోజు బంగారమ్మ తన గోడని అరచేత్తో రెండుసార్లు చరిచి చూసుకుంది. మట్టి పనివాళ్లందర్నీ వరసగా కూర్చోబెట్టి ఇడ్లీలు పెట్టింది.

"గోడ నిలబెట్టీసినావు. ఇయ్యాలైనా రెండు మాటలాడు మేస్త్రీ!"

"సట్నీ ఎయ్యి," అన్నాను.